తాకలేని వేడి: బారెన్ దీవి కథ

పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పటి శ్రీ విజయపురం) ఈశాన్యంగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, నడిసముద్రంలో ఉంది బారెన్ దీవి. ఈ చివర నుంచి ఆ చివరకు మూడు కిలోమీటర్లు. మనుషులెవరూ ఉండరు. మన దేశంలో ఇప్పటికీ నిప్పులు కక్కుతున్న అగ్నిపర్వతం ఇదొక్కటే.

1787లో అటుగా వెళ్తూ లెఫ్టినెంట్ కోల్‌బ్రూక్ ఇక్కడి పొగ చూశాడు. రెండేళ్లకు సర్వేయర్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ వచ్చి, ఎర్రగా కాలిన రాళ్లు, మూడు నాలుగు టన్నుల బండలు సైతం బిలంలోంచి ఎగిరిపడటం చూసి రాసిపెట్టాడు. అప్పటికి కంటికి కనిపించిందే కొలత.

మంటలు చల్లారాక వచ్చినవారికి పని కొంత తేలికైంది. పడవ దిగే చోటే వేడినీటి ఊట ఉండేది. 19వ శతాబ్దంలో దాని వేడిని పలువురు పరీక్షించారు. 1884లో కలకత్తాలోని భూగర్భ సర్వే శాఖ నుంచి మాలెట్ వచ్చి దీవి అంతా పరిశీలించేనాటికి ఊట బాగా చల్లబడింది.

1991లో అగ్నిపర్వతం శతాబ్దిన్నర నిద్ర వదిలింది. లావా సముద్రం దాకా పారింది. వెయ్యి డిగ్రీలు దాటిన లావాలో థర్మామీటరు పెట్టేదెవరు?

ఆ పని ఆకాశం నుంచి జరిగింది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం రాత్రిపూట తీసిన పరారుణ చిత్రాలను పరిశోధకులు భట్టాచార్య, రెడ్డి, శ్రీవాస్తవ్ విశ్లేషించి 1993లో ప్రచురించారు. రాత్రే ఎందుకంటే, పగలైతే సూర్యకాంతి కలిసిపోతుంది. చీకట్లో దీవి నల్లగా ఉంటే, చిత్రంలో లావా ఉన్న కొన్ని గళ్లే (పిక్సెళ్లే) వెలుగుతాయి. ఒక్కో గడి 30 మీటర్ల చదరం. అందులో కరిగిన రాయి కొంతే, మిగతాది చల్లారిన పెచ్చు. ఒకే గడిని రెండు తరంగదైర్ఘ్యాల్లో చూసి, చల్లటి భాగం ఉష్ణోగ్రత ఇంత అని అనుకుంటే, మండే భాగం ఎంత వేడో, ఎంత మేర ఉందో లెక్క తేలుతుంది. ఆ ‘అనుకోవడం’లోనే పొరపాటుకు తావుంది.

పరమాణు కేంద్రకాలను ఢీకొట్టించే ప్రయోగాల్లో కూడా, తాకకుండా వేడిని కొలవాల్సిన ఇదే చిక్కు, కాకపోతే ఎన్నో రెట్లు పెద్దది. అక్కడ పుట్టే నిప్పుముద్ద కన్ను మూసి తెరిచేలోగా కాదు, సెకనులో ఊహకందనంత చిన్న భాగంలోనే మాయమవుతుంది. దాని వేడిని చెప్పేది అది వెదజల్లే ఫోటాన్లే, అంటే కాంతి కణాలే. అయితే పయాన్లు అనే కణాలు విచ్ఛిన్నమైనప్పుడు వచ్చే ఫోటాన్లే ఎక్కువ. వాటిని లెక్కగట్టి తీసేయాలి. ఐరోపా కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లో సీసం కేంద్రకాలతో చేసిన డబ్ల్యూఏ98 ప్రయోగంలో ఫోటాన్లను లెక్కించే ఒక పరికరాన్ని కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రం (వీఈసీసీ) ముందుండి నిర్మించింది. 2010లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల, బంగారం కేంద్రకాల తాకిడిలో దాదాపు 4 లక్షల కోట్ల డిగ్రీల సెల్సియస్ వేడి పుట్టిందని ప్రకటించింది.

రెండు చోట్లా అసలు నేర్పు పరాయి వెలుగును ఏరివేయడంలోనే ఉంది. మన ఇంటర్ భౌతికశాస్త్రం పాఠంలో ఉష్ణ వికిరణం గురించి చెప్పేటప్పుడు అధ్యాపకులు బారెన్ దీవి రాత్రి చిత్రాన్ని ఒక్కసారి పిల్లలకు చూపించాలి.