ఆ 52 మంది మరీజులు

"ఫలానా హకీం సాబ్ దవాతోనే మా మామూకి నయమైంది." మన ఇళ్లల్లో ఏ దావత్‌లో కూర్చున్నా ఈ మాట వినిపిస్తుంది. మా దాదీమా దగ్గర ఇంతకు మించిన దలీల్ ఉండేది కాదు. నాకు మాత్రం ఒక సవాల్ మిగిలిపోయేది: దవా తినకపోతే మామూ ఏమయ్యేవారు?

వెయ్యేళ్ల కిందటే అబూ బక్ర్ అల్-రాజీ ఇదే అడిగారు. రై, బగ్దాద్ షహర్లలో షిఫాఖానాలు చూసిన తబీబ్ ఆయన. సర్సామ్, అంటే మెదడు పొరల వాపు లక్షణాలున్న మరీజుల్లో కొందరికి రక్తం తీశారు. మరికొందరికి కావాలనే తీయకుండా వదిలారు, ఫరక్ తెలుసుకోవాలని. ఆయన 'అల్-హావీ'లో ఈ సంగతి ఉంది. ఆ అరబీ కితాబును 1955 నుంచి సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాద్ దాయిరతుల్ మఆరిఫే.

రక్తం తీయడమే మేలని రాజీ తేల్చారు. ఈరోజు ఆ మర్జ్‌కి ఏ డాక్టరూ ఆ ఇలాజ్ చేయరు. సవాల్ సరైనదే, కానీ రెండు జాగ్రత్తలు కావాలి. గుంపులను తబీబ్ తన ఇష్టంతో ఎంచకూడదు. వచ్చిన ఫరక్ ఉత్త ఇత్తెఫాకా కాదా అని లెక్క కట్టాలి.

ఈ రెండూ ఒకచోట కుదిరింది 1947లో, బ్రిటన్‌లో. టీబీకి స్ట్రెప్టోమైసిన్ కొత్తగా వచ్చింది, అందరికీ సరిపడా లేదు. లెక్కల ఉస్తాద్ ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ ముందే సీలు వేసిన కవర్లతో 107 మందిని రెండు గుంపులు చేయించారు. 55 మందికి దవాతో పాటు మంచంపై విశ్రాంతి, 52 మందికి విశ్రాంతి మాత్రమే. ఆరు నెలల్లో మొదటి గుంపులో నలుగురు, రెండో గుంపులో 14 మంది మరణించారు.

ఇప్పుడు లెక్క. ముందు దవాతో ఏ ఫరకూ లేదనే అనుకోవాలి. దీన్నే శూన్య పరికల్పన అంటారు. అదే నిజమైతే, ఇంత తేడా ఇత్తెఫాక్‌గా వచ్చే అవకాశమెంత? నూటికి ఒకటి కన్నా తక్కువ. కాబట్టి దవా పనిచేసిందనడమే ఇన్సాఫ్. 1948లో ఇది అచ్చయింది.

అయితే లెక్క అడిగినదానికే జవాబిస్తుంది. ఆ ఆరు నెలల్లోనే చాలామందిలో క్రిములు దవాకి లొంగడం మానేశాయి. అందుకే నేడు టీబీకి ఒక్కటి కాదు, పలు దవాలు కలిపి ఇస్తారు. కోర్సు మధ్యలో ఆపొద్దనేదీ అందుకే.

నా దిల్‌లో ఆ 52 మంది నిలిచిపోయారు. పోలిక కోసం తమను ఎంచారని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేడు మరీజు ఇజాజత్ లేకుండా అలా చేయకూడదు. మన బిడ్డలు మింగే గోళీల వెనక వాళ్ల ఎహసాన్ ఉంది.

ఈసారి దావత్‌లో ఎవరైనా దవా గొప్ప చెబితే, అదబ్‌గానే అడగండి: ఎంతమంది తిన్నారు? తినని వాళ్లేమయ్యారు?