కోతపండుగయు పరదేశి సమాధియు

కోతపండుగనాడు మీరు ధాన్యపు గంపలను, గుమ్మడికాయలను, కోళ్ళను మందిరమునకు తెచ్చెదరు గదా. ఈ పండుగ నేటి రూపము దాల్చుటకు ఇంగ్లండులోని యొక మారుమూల పల్లె ముఖ్య కారణమని మీరెరుగుదురా?

ఆ పల్లె పేరు మార్వెన్‌స్టో. కార్న్‌వాల్ సీమకు ఉత్తరమున, సముద్రపు కొండచరియలమీద నున్నది. విక్టోరియా రాణి 1837లో సింహాసన మెక్కుటకు కొంచెము ముందు రాబర్ట్ స్టీఫెన్ హాకర్‌గారు అచ్చటికి గురువుగా వచ్చి, 1875లో మరణించువరకు ఆ సంఘమును కాచిరి. అంతకుముందు చాలకాలము గురువెవరును అక్కడ కాపురముండలేదు. ఆయన ఇల్లు కట్టుకొనిరి, బడి పెట్టించిరి, ఏటిమీద వంతెన వేయించిరి.

ఆ తీరమున తుపానులకు ఓడలు పగులుట తరచు. కొట్టుకొనివచ్చిన సరకులకై జనులు పరుగెత్తెడివారు. శవములనో, పూర్వకాలమున దొరికినచోటనే యిసుకలో పూడ్చెడివారు. హాకర్‌గారు దీని నోర్వలేదు. తుపాను వెలియగానే మనుష్యులతో రాళ్ళలోనికి దిగి, శవములను వెదకి, మోయించి తెచ్చి, దేవాలయపు ఆవరణములో ప్రార్థనతో భూస్థాపన చేసిరి. 1842 సెప్టెంబరులో కెలడోనియా అను స్కాట్లండు ఓడ బద్దలై, ఒక్క నావికుడు మాత్రమే బ్రదికెను. ఆ ఓడ ముందుభాగపు చెక్కబొమ్మనే చనిపోయినవారి సమాధికి గురుతుగా నిలిపిరి. ఇట్లు ఆయన పాతిపెట్టిన నావికులు నలువదిమందికి పైబడిరి. వారిలో అనేకుల పేరైనను ఎవరికిని తెలియదు.

మరుసటి యేడు, 1843 అక్టోబరు 1వ తేదీ ఆదివారమున, ఆయన తన రైతులను, కూలివారిని పిలిచి, క్రొత్త గోధుమల రొట్టెతో ప్రభురాత్రి భోజనమిచ్చి, కోతకై దేవుని స్తుతించిరి. ఆ వాడుక క్రమముగా ఇంగ్లండు సంఘములంతట వ్యాపించెను. మిషనరీలవెంట దూరదేశములకును వెళ్ళెను.

హాకర్‌గారు లోపములేనివారు కారు. వింత దుస్తులు ధరించెడివారు. నల్లమందు అలవాటునకు లోబడిరి. అయినను ఒక సంగతి చూడుడి. క్రొత్త రొట్టె విరిచిన ఆ గుడి వాకిటనే పరదేశుల సమాధులున్నవి. మోషే ధర్మశాస్త్రమును ప్రథమఫలముల నర్పించు దినమున పరదేశిని కూడ సంతోషమున కలుపుకొనుమని విధించుచున్నది.

కావున ఈ యేడు మీ గంపను మందిరమున నుంచినప్పుడు, మీ యూరికి కోతకు వచ్చిన వలసకూలి యెవరు, అతడు రాత్రి యెక్కడ పండుకొనెను, అతని బిడ్డ తినెనా యని విచారించుడి. అతని పేరడుగుడి. అతనినికూడ పండుగ బంతిలో కూర్చుండబెట్టుడి.