ఇంటికి రెండు పొయ్యిలు

నంద్యాల జిల్లాలోని మా చాగలమర్రి పక్క పాత మిద్దెల్లో వంట రెండు తావుల జరిగేది. ఇంట్లో ఒక పొయ్యి, పెరట్లో ఒక పొయ్యి. ఇంట్లోది చిన్నది. పొద్దున పాలు కాచడానికి, రాత్రికి నాలుగు ముద్దల సంగటి కెలకడానికి, వాన పట్టినప్పుడు అన్నిటికీ అదే. పెరట్లోదే అసలు పొయ్యి. స్నానాల కాగు దాని మీదే, కూలోళ్ళకు అన్నం దాని మీదే, కొత్త చెనిక్కాయలు ఉడకేసేది దాని మీదే, పండక్కి ఓళిగలూ అత్తిరాసాలూ దాని మీదే. ఇప్పుడు తోటలో బయటి వంటిల్లంటే ఫోన్లలో బొమ్మలు చూసి కట్టించుకుంటున్నారు. మంచిదే. కానీ ఆ బొమ్మల్లో మన ఊరి గాలి ఎటు తిరుగుతుందో ఉండదు, మన పెరట్లో మన్ను ఏ జాతిదో ఉండదు. ఆ సంగతులన్నీ మా సీమ ఆడవాళ్ళూ, పెద్దవంటల వాళ్ళూ ఎన్నో తరాల కిందటే తేల్చినారు. వాళ్ళెవరూ కాగితం మీద పెట్టలేదు. అందుకే నాకు తెలిసినంత రాస్తున్నాను.

మా జిల్లాలో పొయ్యి చరిత్ర చానా లోతు. బేతంచెర్ల చుట్టుపక్కల సున్నపురాయి గుహల్లో 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వెతుకులాట మొదలుపెట్టినాడు. తర్వాత కాలంలో పరిశోధకులు ఆ ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవి అనే గుహలో పాత రాతియుగపు మనుషులు మంట పెట్టుకున్న తావు గుర్తించినారు. అక్కడి కాలిన మట్టిని పరీక్షిస్తే దాదాపు 17,000 ఏళ్ళ నాటిదని తేలింది. నంద్యాల 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది గానీ, ఇక్కడ మనుషులు నిప్పు చుట్టూ చేరడం ఇంత పాతది.

ఇంత దూరం నుంచి ఒక్క అంగలో మిద్దెల కాలానికి వస్తాను. చాగలమర్రి, ఆళ్ళగడ్డ ఊర్లు కుందూ నది లోయలో ఉంటాయి. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ నల్లరేగడి. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటడం మామూలు. మందపాటి గోడలు, పైన మట్టి కప్పిన మిద్దె, గోడల్లో కిటికీలు తక్కువ. వెలుతురు రావడానికీ పొగ పోవడానికీ పైన గవాక్షి. వాన వస్తే దాని మీద బోకి బోర్లించాల్సిందే, అప్పుడు పొగంతా ఇంట్లోనే. అట్లాంటి ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నం పొయ్యి రాజేస్తే ఆ వేడి గోడలు పట్టుకొని రాత్రంతా వదలవు. అందుకే పెద్ద మంట పెరట్లోకి పోయింది. ముచ్చట కోసం కట్టుకున్న వంటిల్లు కాదది, ఎండను బట్టి కట్టుకున్నది.

పెరట్లో దాని చోటు కూడా ఇష్టమొచ్చినట్టు పెట్టేవాళ్ళు కాదు. ఆగ్నేయ మూల అని వాస్తు చెప్పేవాళ్ళు చెబుతారు. మా పక్క దానికి కళ్ళెదుట కనపడే కారణం ఉంది. ఎండాకాలం చివర నుంచి ఆషాఢం, శ్రావణం దాకా గాలి పడమటి నుంచీ నైరుతి నుంచీ విడవకుండా కొడుతుంది. పొయ్యి ఇంటికి తూర్పు పక్కన ఉంటే పొగ, రవ్వలు ఇంటి మీదికి రావు. మిద్దెకు నిప్పంటుకోదు గానీ బోదకొట్టం ఒక్క రవ్వకు బూడిదవుతుంది, గడ్డివామీ అంతే. గాలి లేచే లోపల, తెల్లారుజామునే పెద్ద వంట ముగించి నిప్పు మీద నీళ్ళు చిలకరించేవాళ్ళు.

పొయ్యి వేయడం చూస్తే అది పనితనమని తెలుస్తుంది. మా అత్త వేసేది. రేగడిమన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. తడిస్తే ఉబ్బి, ఆరితే పగిలే మన్ను అది, మంటకు నిలవదు. చేని గట్టున పుట్ట మన్ను తెప్పించి, గడ్డలు చితకగొట్టి జల్లించి, ఊక, పేడ కలిపి నీళ్ళు పోసి కాళ్ళతో తొక్కేది. ఒక రాత్రి నాననిచ్చి పొద్దున మళ్ళా తొక్కేది. ముద్ద పిడికిట్లో పిసికితే వేళ్ళ సందుల్లోంచి జారకుండా బయటికి రావాల. అప్పుడు మూడు గుమ్ములు ఎత్తి, వాటి నడుమ మంట నోరు వదిలి, వెనక నుంచి పక్కకు ఒక కన్నం తీసేది. అదే కోడిపొయ్యి. పెద్దపొయ్యిలో అన్నం ఉడికి పోయే మంటను అది ఊరికే పోనీయదు, పప్పో పాలో దాని మీద మెల్లగా కాగుతుంటాయి. మూడు గుమ్ముల ఎత్తు సమంగా ఉందో లేదో ఆమె సట్టిలో నీళ్ళు పోసి పైన పెట్టి చూసేది. ఇంత చేసి, దాని మీద ఎండ పడకుండా గోనెసంచి కప్పేది. "నీడన ఆరల్ల మ్మా, ఎండ తగిల్తే బీటలిస్తాది" అనేది. ఆరినాక ఎర్రమన్నుతో అలికి, ముగ్గుపట్టెలు తీసి, పసుపు కుంకుమ పెట్టి గానీ నిప్పు వేసేది కాదు. అట్లా వేసిన పొయ్యి వారం వారం అలుక్కుంటే ఏళ్ళు వస్తుంది.

ఇదంతా ఇంటి లెక్క. దోవన పోయే వాళ్ళ వంట లెక్క ఇంకొకటి. కడప నుంచి అహోబిలం, మహానంది, శ్రీశైలం పోయే యాత్రికులకు ఈ లోయే దారి. ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి కడప మీదుగా అహోబిలం వచ్చినాడు. ఆయన యాత్రా చరిత్ర 1838లో అచ్చయింది. దిగిన మజిలీ మజిలీకీ నీళ్ళెట్లున్నాయి, అంగళ్ళున్నాయా, దిగడానికి తావుందా అని చూసి రాసుకున్నాడు. సత్రమో చింతతోపో దొరికితే మూడు రాళ్ళు పెట్టుకొని వండుకోవడమే ఆ కాలపు ప్రయాణం. అహోబిలం తిరునాళ్ళకు బండ్లు కట్టుకొని పోయినోళ్ళు మా చిన్నప్పుడు కూడా అట్లనే వండుకున్నారు. బండి కింద కట్టెలు, బండి మీద బియ్యం, చెట్టు కింద పొయ్యి.

ఈ పక్క బయటి వంటల్లో నేను అన్నిటికన్నా పైన పెట్టేది ఉయ్యాలవాడ గంజి పొయ్యిలను. ఆళ్ళగడ్డకు పడమట ఉన్న ఊరు ఉయ్యాలవాడ. 1846లో కుంఫిణీ మీద తిరగబడిన నరసింహారెడ్డి పేరుతో ఆ ఊరు అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ళకు, 1866 కరువులో, అదే ఊర్లో బుడ్డా వెంగళరెడ్డి గాదెలు తెరిచి ఆకలితో వచ్చిన వేలమందికి గంజి కాయించి పోసినాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. ఆయన మీద కట్టిన పాట ఇప్పటికీ పాడేవాళ్ళున్నారు. పతకం గురించి అందరూ చెప్పుకుంటారు. నాకు ఆ పొయ్యిలు తలపుకొస్తాయి. ఇంట్లో పొయ్యి ఎంతమందికి కాస్తుంది? వేలమందికంటే ఆరుబయట గాళ్ళు తవ్వాల, కొప్పెరలు ఎత్తాల, నీళ్ళు మోయాల, కట్టెలు తేవాల, రాత్రీ పగలూ కలబెట్టేవాళ్ళు మార్చి మార్చి నిలబడాల. ఆ పని చేసిన వాళ్ళ పేర్లు చరిత్రలో లేవు. పదేళ్ళకు వచ్చిన ధాత కరువు, అంటే 1876-78 కరువు, కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలను ఇంకా దారుణంగా తుడిచిపెట్టింది.

గాడిపొయ్యి చూసినవాళ్ళకు కొత్తగా చెప్పక్కరలేదు. చూడని పిల్లల కోసం చెబుతాను. గాలి వచ్చే దిక్కుకు నోరు పెట్టి, మూరెడు లోతు కందకం పొడుగ్గా తవ్వుతారు. వెడల్పు గిన్నె అడుగులో సగానికి కొంచెం మించి ఉంటుంది. అంతకు మించితే గిన్నె ఒరుగుతుంది, తగ్గితే మంట ఆడదు. రెండు గట్ల మీదా రాళ్ళో ఇటుకలో పేర్చి డేగిసాలు వరసగా ఎక్కిస్తారు. కట్టెలు నోట్లోంచే తోస్తారు. గాలి మంటను లాక్కొని పోయి మొదటి డేగిసా నుంచి చివరి డేగిసా దాకా తగిలిస్తుంది. అన్నం ముందు, పప్పు నడుమ, చివర్న వెచ్చగా ఉంటే చాలన్నది. మంట పోయినాక గాడి నిండా మిగిలిన నిప్పులు లాగి మూతల మీద పోస్తారు. ఒక కందకంతో ఇన్ని పనులు.

పెండ్లిండ్లకు గాడి, దేవరకు గాడి, దర్గా దగ్గర కందూరుకూ గాడే. చాగలమర్రిలో హిందువులూ ముస్లిములూ సగం సగం కలిసి బతికిన వీధులున్నాయి. కందూరు ఇద్దరూ చేస్తారు. మొక్కుకున్న పొట్టేలును దర్గా దగ్గరే కోసి, వండి, అక్కడే బంతి వేసి అందరికీ పెట్టడం కందూరు. ఈ పక్క పెద్దవంటలో పేరున్నవాళ్ళు చానామంది సాయిబులే. గాడి తవ్వకముందు వాళ్ళలో ఒక పెద్దాయన గుప్పెడు పొడిమన్ను పైకెగరేసి అది ఎటు పడుతుందో చూసేవాడు. "గాలి చూసినాక గడ్డపార ఎత్తల్ల మ్మా" అనేవాడు. నేను చూసిన ఇంజనీర్లలో ఎవరికీ ఆయనకున్నంత ఓపిక లేదు.

మంటకు కట్టె కావాల. నల్లమల కట్టె, కందికట్టె, పత్తికట్టె, పిడకలు ఉండేవి. వీటికి తోడు కంప వచ్చింది. ఇప్పుడు వంకల్లో, చెరువు గట్లమీద మన చెట్లను తొక్కి పెరుగుతున్న ఈ సర్కారు కంప మన దేశానిది కాదు. వంటచెరుకు కొరత చూసి 1876లో మద్రాసు అడవుల అధికారి బెడ్డోమ్ దీని విత్తనాలు అడిగి రాసినాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనం 1877లో కడప జిల్లా కమలాపురంలో చల్లినారు. కుందూ పెన్నలో కలిసేది ఆ దగ్గరే. ధాత కరువు నడుస్తున్న ఏడాదిలోనే విత్తినారన్నమాట. కంప నిప్పు గట్టిగా, చానాసేపు నిలుస్తుంది, బిరియానికి అంతకన్న మంచి కట్టె లేదు. ముల్లు గుచ్చుకుంటే మాత్రం కాలు వాచిపోతుంది. కట్టెకు కంప వచ్చినట్టే తిండికి వరి వచ్చింది. 1871 నాటికి తయారైన కర్నూలు-కడప కాలువతో ఈ లోయలో మాగాణి పెరిగింది, సంగటి పొయ్యి మీదికి అన్నం ఎసరు ఎక్కువగా ఎక్కింది.

ఇక నాపరాయి సంగతి. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల పక్క తవ్విన బండలు దేశమంతా వంటింటి గట్లయినాయి. బొంబాయిలో కూడా కడప రాయి అంటే తెలుసు. నిలబడి వండే వంటింటికి రాయి ఇచ్చిన నేల మాది. మా ఆడవాళ్ళు మాత్రం చానా కాలం నేలమీద కూర్చొని, ఊదుగొట్టంతో ఊదుతూ, పొగకు కళ్ళు పోగొట్టుకున్నారు. పాతకాలం పొయ్యిని ఎంత పొగిడినా ఈ మాట దాచకూడదు. మా అత్తకు చివరి ఏళ్ళలో ఎడతెగని దగ్గు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాశాలలో పనిచేసిన ఎస్.పి. రాజు పొగగొట్టం ఉన్న మట్టిపొయ్యి రూపొందించి, 1953లో దాని మీద పుస్తకమే వేసినాడు. కేంద్రం 1983లో మెరుగైన పొయ్యిల పథకం పెట్టింది. పల్లె ఆడవాళ్ళకు గ్యాసు చేరడం 1999లో దీపం పథకంతో మొదలై, 2016లో ఉజ్వలతో పెరిగింది. గ్యాసు వచ్చిన రోజు మా వీధిలో ఆడవాళ్ళ మొహాలు చూసినదాన్ని. రోజువారీ వంట మళ్ళా కట్టెల మీదికి పోవాలని ఎవరన్నా నేను ఒప్పుకోను.

అయితే పెరటి వంట పోనక్కరలేదు. పదిమంది చేరిన రోజు, పండగ రోజు, చెనిక్కాయలు వచ్చిన రోజు అది కావాల. మా చిన్నోడు తోటలో వంటిల్లు కడదామన్నప్పుడు బేల్దారి గ్రానైటు గట్టు, నాపరాయి మీద పొయ్యి అన్నాడు. నాపరాయి నేలకు మేలు, కానీ మంట నేరుగా తగిలితే పొరలు లేచి చిట్లుతుంది. చింతపండు, నిమ్మరసం పడితే మరకలు పోవు. అందుకే నేలకు నాపరాయి, పొయ్యికి ఇటుక, లోపల పుట్టమన్ను పూత అన్నాను. పడమటి పక్క ఛాతీ ఎత్తు గోడ, తూర్పు, ఉత్తరం ఖాళీ. కార్తీకం వానలు తూర్పు నుంచి కొడతాయి గనక ఆ పక్క చూరు రెండు మూరలు ముందుకు. మంట వేపచెట్టుకు దూరం, నీళ్ళు అరటి, కరివేపాకు మొదట్లోకి. రోలు చేతికందే దూరంలో, ఊరిబిండి పొయ్యి పక్కనే నూరాల గనక. ఒక మూల ఏమీ కట్టకుండా మట్టినేలే వదిలించినాను. అది గాడికి.

మీరు కూడా పెరట్లో బయటి వంటిల్లు కట్టించుకునేట్టయితే, కొలతలకు ముందు ఒక పని చేయండి. మీ ఊర్లో పొయ్యి వేసే అవ్వ, గాడి తవ్వే భాయి ఇంకా ఉంటే వాళ్ళను మీ తోటకు పిలిపించండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ ఎదుటే రాసుకోండి, కూలి ఇచ్చి పంపండి. మా వీధిలో పొయ్యి వేయడం వచ్చినవాళ్ళలో ఇప్పుడు ఒక్క ముసలామె మిగిలింది.