విషాద నాయకుడికి కిరీటం కావాలా?

తెలుగు విషాద నాటకం రాజుల ఇంట పుట్టి సామాన్యుడి గడప దాకా దిగివచ్చిందని మన నాటక చరిత్రలు చెబుతాయి. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు విషాద సారంగధరలో రాజకుమారుణ్ణి నాయకుణ్ణి చేశారు. కోలాచలం శ్రీనివాసరావు రామరాజు చరిత్రలో విజయనగర పతనాన్ని రంగస్థలం ఎక్కించారు. ఆ తర్వాత వరవిక్రయం నాటకంలో కట్నం సమస్యకు బలైన కాళింది, ఆత్రేయ ఎన్‌జీఓ నాటకంలో గుమాస్తా వచ్చారు. అచ్చయిన నాటకాల వరకు ఈ వరుస సరైనదే. నల్లమల అంచున బండి ఆత్మకూరు, నంద్యాల, ఆళ్లగడ్డ సీమకు మాత్రం ఇది చాలదు.

బళ్లారి నాటకాలకు నాలుగు దశాబ్దాల ముందే రేనాడు అనే ఈ సీమకు ఒక విషాద నాయకుడున్నాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి రాజు కాడు, కూలీ కాడు. పాలెగాళ్ల వంశంలో పుట్టి, ఈస్టిండియా కంపెనీ ఇచ్చే నెలకు పదకొండు రూపాయల చిల్లర పింఛనుతో బతికినవాడు. ఆయనపై జనం పాడుకునే పాట ఆయన్ను దొరగానే పొగుడుతుంది, నిజమే. కానీ 1846లో కంపెనీపై తిరగబడినప్పుడు ఆయన వెంట నడిచినవాళ్లు ఎవరు? ఊరి కాపలాకు ప్రతిఫలంగా అనుభవిస్తున్న మాన్యాలను కంపెనీ లాగేసుకుంటుంటే కడుపు మండిన కట్టుబడులు, వడ్డె ఓబన్నలాంటి రాళ్లు కొట్టే కులంవాళ్లు. తన పింఛను గోడు ఒక్కటే అయితే ఆయన అర్జీ పెట్టుకుని ఊరుకునేవాడేమో. ఊళ్ల నష్టాన్ని తన భుజాన వేసుకున్నాకే ఆయన పతనం అందరి దుఃఖమైంది. ఉరి తర్వాత ఆయన తల ఏళ్ల తరబడి కోట గుమ్మానికి వేలాడిందని చెప్పుకునే జనం కన్నీళ్లు పెట్టుకునేది పాలెగాడి వంశం కోసం కాదు. నాయకుడి ఎత్తు పుట్టుకలో లేదు, చావు తప్పదని తెలిసీ తీసుకున్న నిర్ణయంలో ఉంది.

ఈ కొలతతో చూస్తే నేటి సినిమా, నాటకాల తీరు నాకు తృప్తినివ్వడం లేదు. 2019లో వచ్చిన సైరా సినిమా ఆ పింఛనుదారుణ్ణి మళ్లీ మహారాజంత చేసింది. పోటీల కోసం ఆడే పరిషత్తు నాటకాలది ఇంకో దోవ. వాటిలో అప్పులపాలైన రైతు ఏడుస్తాడు, పురుగుల మందు తాగుతాడు, తెర పడుతుంది. జాలి కలుగుతుంది, కాదనను. కానీ అతడు దేన్ని ఎంచుకున్నాడో, దేన్ని కాదన్నాడో చూపించరు. సామాన్యుణ్ణి నాయకుణ్ణి చేశామనుకుంటూనే అతడి చేతిలోంచి నిర్ణయాన్ని లాగేసుకుంటున్నారు.

నిర్ణయం తీసుకున్న సామాన్యుడు రేనాటి కథలోనే ఉన్నాడు. కానీ ఆ ఓబన్న ఈనాటికీ ఎక్కువగా రెడ్డి పక్కన నిలబడిన అనుచరుడే. నంద్యాల జిల్లా నాటక రచయితలు ఆయన్ను కథ నడుమ నిలిపి, ఎందుకు తెగించాడో ఆయన నోటనే చెప్పించే నాటకం ఒకటి రాయాలి.