నవహో క్రతువులకు అక్షరరూపం ఇచ్చిన ఫాదర్ హేలీ

అమెరికా ఆదివాసులైన నవహోల భాషనూ క్రతువులనూ ఫాదర్ బెరార్డ్ హేలీ అంత సుదీర్ఘంగా అధ్యయనం చేసిన మిషనరీలు అరుదు. 1874లో ఒహాయోలోని కాంటన్‌లో పుట్టిన ఈ ఫ్రాన్సిస్కన్ సన్యాసి 1900లో ఆరిజోనాలోని సెయింట్ మైఖేల్స్ మిషన్‌కు చేరారు. క్యాథరిన్ డ్రెక్సెల్ అనే సన్యాసిని ధనసహాయంతో ఆ మిషన్ 1898లో మొదలైంది. అప్పటికి నవహోలకు తెల్లవారి మీద నమ్మకం ఉండవలసిన కారణం ఏమీ లేదు. 1864లో అమెరికా సైన్యం వారిని సొంత నేల నుంచి వందల మైళ్లు నడిపించి నిర్బంధించింది. 1868 ఒప్పందం తరువాతే వారు తిరిగి రాగలిగారు.

మత ప్రచారానికి మొదటి అడ్డంకి భాష. మిషన్‌లోని పాదరీలు సరుకుల క్యాటలాగులోని బొమ్మలు చూపిస్తూ, నవహోలు చెప్పిన పేర్లను రాసుకునేవారట. వస్తువుల పేర్లు అలా చిక్కాయి గాని, క్రియాపదాలు అంత తేలిగ్గా లొంగలేదు. నవహోలో క్రియే వాక్యానికి ప్రాణం. చేతిలో ఉన్నది గుండ్రటిదా, పొడవాటిదా, గుడ్డలాంటిదా అన్నదాన్ని బట్టి ‘ఇవ్వడం’ అనే క్రియ రూపమే మారుతుంది. స్వరం ఎత్తులో తేడా వస్తే అర్థమూ మారవచ్చు.

ఈ శ్రమకు తొలి ఫలం 1910లో మిషన్‌లోనే అచ్చయిన నవహో నిఘంటువు. దాన్ని అకారాది క్రమంలో కాక విషయాల వారీగా అమర్చారు. శరీరం, దుస్తులు, నేత, వెండిపని, మొక్కలు, క్రతువులు అంటూ సాగే ఆ పుస్తకంలో భాషతో పాటు జీవితమూ నమోదైంది. రచయితగా ఎవరి పేరూ లేకుండా ‘ఫ్రాన్సిస్కన్ ఫాదర్లు’ అని మాత్రమే ముద్రించినా, అందులో హేలీది పెద్ద పాత్ర. 1926లో ఆయన వ్యాకరణం వెలువడింది. 1929లో భాషాశాస్త్రవేత్త ఎడ్వర్డ్ సపీర్‌తో కలిసి పనిచేయడం మొదలయ్యాక ఆయన ధ్వని లేఖనం మరింత నిశితమైంది.

ఆయన అసలు కృషి మాత్రం క్రతువుల విషయంలోనే. ఈ క్రతువులు ప్రధానంగా వైద్యం కోసం చేసేవి; నవహో వైద్యంలో పాటే ప్రధానం. రోగి బంధువులు ఖర్చు భరించి గాయకుణ్ణి పిలిపిస్తారు. కొన్ని క్రతువులు తొమ్మిది రాత్రులు సాగుతాయి. రంగు పొడులతో నేల మీద చిత్రం వేసి, దానిపై రోగిని కూర్చోబెట్టి, పని ముగిశాక చెరిపేస్తారు. ఒక గాయకుడికి ఒకటో రెండో క్రతువులు క్షుణ్ణంగా రావడానికే ఏళ్లు పడతాయి. అంత కష్టపడి నేర్చిన విద్యను పరాయి మతగురువు చేత రాయించడం చిన్న విషయం కాదు. స్లిమ్ కర్లీ, ఫ్రాంక్ మిచెల్ వంటి గాయకులు హేలీకి కథలు, పాటలు చెప్పారు. ఆ జ్ఞానం వారిది. హేలీది దాన్ని మూలభాషలోనే, అనువాదంతో సహా నిలబెట్టిన శ్రద్ధ. యుద్ధం నుంచి తిరిగొచ్చినవారికీ, పరాయివారి మృతాత్మల ప్రభావం సోకిన వారికీ చేసే ‘శత్రు మార్గం’ మీద ఆయన పుస్తకం 1938లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి, ‘చెకుముకి మార్గం’ అనే మరో క్రతువు గురించినది 1943లో షికాగో నుంచి వచ్చాయి.

నవహోను రాయడానికి హేలీ వాడిన లిపికి మాత్రం ఆదరణ దక్కలేదు. భాషావేత్తలు రాబర్ట్ యంగ్, విలియం మోర్గాన్‌లు వాడిన సులభమైన వర్ణమాలే ప్రభుత్వ పాఠశాలల ద్వారా నిలబడింది. హేలీ తన పద్ధతినే పట్టుకుని 1950ల దాకా నిఘంటువులు తెచ్చారు. ఇది మొండితనమే అనుకోవాలి; వాటిని వాడుకోవలసిన నవహో పాఠకుడికి ఆ గుర్తులు భారమయ్యాయి.

హేలీ 1961లో మరణించారు. ఆయన సేకరించిన ‘దీవెన మార్గం’ క్రతువు మూడు పాఠాలను లీలండ్ వైమన్ 1970లో ప్రచురించారు. హేలీ కాగితాలు టూసాన్‌లోని ఆరిజోనా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి.