మిల్కూరి గంగవ్వ

మిల్కూరి గంగవ్వ జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లికి చెందిన నటి. వ్యవసాయ కూలీగా, బీడీ కార్మికురాలిగా బతికిన ఆమె, అరవైకి దగ్గరపడే వయసులో యూట్యూబ్ ద్వారా పేరు తెచ్చుకుని, సినిమాలకు, 2020లో టెలివిజన్‌కు చేరారు. ఈ ప్రయాణాన్ని చాలామంది అదృష్టం ఖాతాలో వేస్తారు. ఆమె పని చూస్తే ఆ లెక్క న్యాయమైనది కాదు. బుగ్గారం నుంచి కోరుట్ల, సిరిసిల్ల దాకా మగవాళ్లు గల్ఫ్‌కు పోవడం, ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసి ఇల్లు నడపడం దశాబ్దాలుగా ఉన్నదే. ఆ ఇళ్లలో మాటే ఆడవాళ్ల ఆయుధం, ఓదార్పు, వినోదం. గంగవ్వ నటనకు పునాది అక్కడే పడింది.

2012లో శ్రీకాంత్ శ్రీరామ్ మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానెల్ ఆ మాటకు కెమెరా చూపింది. అయితే ఆమె నటించడం లేదని, తానెట్లా ఉంటారో అట్లాగే కనిపిస్తున్నారని ఒక వాదన ఉంది. కానీ పెద్దగా చదువుకోని మనిషి సంభాషణను చెవితో పట్టుకుని, తన నోటి మాటగా మలుచుకుని, షాట్ కుదిరేదాకా అదే విసురుతో మళ్లీ మళ్లీ చెప్పాలి. సహజంగా అనిపించడం ఆ సాధన ఫలితమే. ఒగ్గు కథ, చిందు యక్షగానం తరతరాలుగా నిలిచింది కూడా విని నేర్చిన పాఠంతోనే. వాటిని ప్రదర్శించేవాళ్లను కళాకారులుగా ఒప్పుకున్నాక ఈమెను కాదనడానికి కారణం లేదు. పల్లెను నవ్వులపాలు చేస్తున్నారన్న అభ్యంతరం ఇంకొంచెం బరువైనది. తెలంగాణ యాసను సినిమా చాలాకాలం విలన్‌కో హాస్యగాడికో పరిమితం చేసింది కాబట్టి ఆ అనుమానం రావడం సహజం. కానీ ఇక్కడ కథ అల్లేది, ఆడేది ఆ ఊరివాళ్లే. గంగవ్వ తిట్టినా దీవించినా ఆ మాట ఇంటి పెద్దరికంతో వస్తుంది, చూసేవాళ్లు ఆమె పక్షాన నిలబడి నవ్వుతారు.

2019లో ‘మల్లేశం’, ‘ఇస్మార్ట్ శంకర్’ సినిమాల్లో కనిపించిన ఆమె, 2020 సెప్టెంబరులో స్టార్ మాలో మొదలైన రియాలిటీ షో ‘బిగ్ బాస్’ నాలుగో సీజన్‌లో అడుగుపెట్టారు. ఆరోగ్యం సహకరించక ఐదో వారంలో తానే అడిగి బయటికొచ్చారు. దాన్ని ఓటమి అనలేం. ప్రేక్షకులు ఓట్లు వేయక పంపిన మనిషి కాదామె. ఆ కొద్ది వారాల్లోనే, ఎవరో రాసిచ్చిన మాట కాకుండా సొంత జగిత్యాల మాటతో ఒక పెద్దమనిషి ప్రతి రాత్రి రెండు తెలుగు రాష్ట్రాల ఇళ్లలో వినిపించారు. సొంతిల్లు కట్టుకోవాలన్న ఆమె కోరిక తరువాత తీరింది. ఆ షో వ్యాఖ్యాత నాగార్జున అందుకు సాయం చేశారు. 2021లో శేఖర్ కమ్ముల ‘లవ్ స్టోరీ’లో నటించారు. 2024లో ‘బిగ్ బాస్’ ఎనిమిదో సీజన్‌కు వైల్డ్ కార్డుతో ఆమెను మళ్లీ పిలిచారు. సినిమాల్లో మాత్రం దక్కినవి ఎక్కువగా చిన్న పాత్రలే. ఆమె గొంతులో ఉన్న దుఃఖాన్ని, గడుసుదనాన్ని కలిపి వాడుకునే నిండు పాత్ర రాయాల్సిన బాకీ తెలుగు రచయితల మీద ఇంకా ఉంది.