పెళ్ళయ్యాక పందిరి

యుద్ధం నడిచినన్నాళ్ళూ లాస్ ఏంజెలెస్ ఎర్ర ట్రాముల్లో కాలు మోపడానికి సందుండేది కాదు. 1942 ఫిబ్రవరిలో సొంత కార్ల తయారీ ఆగిపోయింది. రబ్బరు తోటలు జపాన్ చేతికి చిక్కాయి, టైర్లకు కరువు. పెట్రోలుకు రేషన్. రోడ్డెక్కినా గంటకు 35 మైళ్ళు మించకూడదు. ఓడల యార్డులకూ విమానాల ఫ్యాక్టరీలకూ పోయే జనమంతా పసిఫిక్ ఎలక్ట్రిక్ వారి ‘రెడ్ కార్ల’ మీదే పడ్డారు. ఆ రద్దీని కంపెనీ అభిమానమనుకుందేమో తెలియదు గానీ, అది గత్యంతరం లేక వచ్చిన జనం.

1945 ఆగస్టు 15న పెట్రోలు రేషన్ ఎత్తేశారు. అయినా ఆ రద్దీ ఇంకో ఏడాది నిలిచింది: 1946లో అమెరికా మొత్తం మీద బస్సులూ ట్రాములూ రైళ్ళూ కలిపి సుమారు 2,340 కోట్ల ప్రయాణాలు. 1950 నాటికి అవి 1,720 కోట్లకు జారాయి. నాలుగేళ్ళూ నిలబడి ప్రయాణం చేసినవాడు చేతిలో డబ్బు ఆడగానే సొంత కారు కొనుక్కున్నాడు. తప్పు పట్టలేం. వాడి కారు వీధిలో ట్రాముకు అడ్డమొచ్చింది, ట్రాము ఆలస్యమైంది, పక్కసీటువాడూ కారు కొన్నాడు.

అసలు ఆ పట్టాలు వేసిన హెన్రీ హంటింగ్టన్ టికెట్ల మీద బతుకుదామనుకోలేదు. ట్రాము వేసి, పక్కన భూములు ప్లాట్లుగా అమ్మాడు. రింగురోడ్డు పక్కన వెంచర్లు చూసినవాళ్ళకు ఈ లెక్క విడమరచి చెప్పాలా? ప్లాట్లు అమ్ముడయ్యాయి. పెళ్ళయ్యాక పందిరిని ఎవరు చూస్తారు?

ట్రాములు పోవడం జనరల్ మోటార్స్ కుట్ర అంటారు చాలామంది. బస్సులు, సరంజామా అమ్మకాల్లో గుత్తాధిపత్యానికి కుట్ర పన్నారని 1949లో కోర్టు ఆ కంపెనీకి వేసిన జరిమానా 5,000 డాలర్లు. కానీ ఆ కుట్ర బృందం కొన్నది ఊళ్ళో తిరిగే వేరే కంపెనీ పసుపు ట్రాములను. ఎర్రవాటికి ఆ చెయ్యి కూడా అక్కర్లేకపోయింది.

1956 నాటి ఒక ఫొటో ఉంది. టెర్మినల్ ఐలండ్ తుక్కు యార్డులో ట్రాములు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. నలుపు తెలుపు ఫొటో కదా, ఎరుపు కూడా మిగల్లేదు.

1902 జూలై 4న మొట్టమొదట తెరిచిన దారి లాంగ్ బీచ్‌ది. ఆఖరికి మిగిలిందీ అదే. 1961 ఏప్రిల్ 9న దాన్నీ ఆపేసి, ఆ దారిన బస్సు వేశారు.